తిప్పితే గంగ, మూస్తే మౌనం

"మాట రాజు! రాత బంటు! మాటకు ప్రాణం ఉంది, రాతకు కాగితం ఉంది! ఈ లోకంలో జ్ఞానమన్నది నోట్లోంచి పుట్టింది కానీ కలంలోంచి పుట్టలేదు!"

ఇంత గొప్ప సంగతిని డాక్టర్ అనంతరామన్ గారు ముదలియార్‌పేట ఎనిమిదిళ్ళ సందులో, వేలాయుధం ఇంటి అరుగుమీద కూర్చుని, కాగితం చూసి చదివారు.

వేలాయుధం "ఊఁ" అన్నాడు.

అనడానికి అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నీళ్ళ డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్ళు వాల్వు తిప్పాడు. కోడి కూసేవేళకు పెద్దరోడ్డులో ఇనుపమూత ఎత్తి, నిలువెత్తు కడ్డీ లోపలికి దించి, పద్నాలుగు చుట్లు తిప్పితే ముదలియార్‌పేటలో సగం ఊరికి నీళ్ళు. ఆ ఉద్యోగానికి నోటితో పనిలేదు. ఎంత తియ్యగా పిలిచినా వాల్వు తనంతట తాను తిరగదు కదా!

సగం ఊరికి నీళ్ళు వదిలిన ఆ మనిషి సందులో మాత్రం కొళాయి లేదు.

అప్పుడే అతని భార్య అంగమ్మాళ్ చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందెతో కుంటుకుంటూ వచ్చింది. రేషన్ షాపు అవతల, పెద్దరోడ్డు కొళాయి దగ్గర్నుంచి రెండు వందల అడుగులు. ఎదురుగా పెద్దమనిషి కనబడేసరికి బిందెలు దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎవురయ్యా ఈ సారు?" అంది.

ఎవరంటే చెప్పాలి. అనంతరామన్ గారు కాలేజీలో పాతికేళ్ళు పాఠం చెప్పి రిటైరైనవారు. నాలుగు తరాల కిందటే ఈ నేలకొచ్చి పొలాలు సంపాదించుకున్న ఇంటివారు. 'పుదుచ్చేరి వాగ్వైభవ పీఠం' అని ఒక సంస్థ పెట్టి దానికి తానే అధ్యక్షుడు, తానే కార్యదర్శి, మనుషులు రానిరోజున తానే సభ. మాట గొప్పదా రాత గొప్పదా అన్న విషయంమీద ఆయన ఇప్పటికి పదకొండు పుస్తకాలు రాశారు. పదకొండింట్లోనూ మాటే గెలిచింది.

"అమ్మా! మాట గొప్పదన్న నా సిద్ధాంతాన్ని ఎళిలరసన్ గారి మహోపన్యాసానికి అన్వయించబోతున్నాను. ఈ మే నెలకు దానికి యాభై ఏళ్ళు!" అన్నారు ఆయన.

అంగమ్మాళ్ ముఖం మాడింది. "ఓ, ఆ ముదనష్టపు ఉపన్యాసమా!" అంది.

ఆ ఉపన్యాసం తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. డెబ్బై నాలుగో సంవత్సరం మే నెలలో కౌన్సిలర్ ఎళిలరసన్ గారు ఆ సందు మొగన బోర్లించిన కిరసనాయిలు డ్రమ్ము ఎక్కి నలభై రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడారు. చేతిలో చీటీ లేదు. దగ్గు లేదు. "కడవలు మోసిన తల్లులారా! నా కాలికింద ఉన్న ఈ చోటనే, వచ్చే శుక్రవారానికి కొళాయి మొలుస్తుంది! తిప్పితే గంగ! మూస్తే మౌనం!" అన్నప్పుడు ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు డ్రమ్ముతో సహా ఆయన్ని ఎత్తుకుని ఊరేగించారు.

వచ్చే శుక్రవారం వచ్చింది. కొళాయి రాలేదు. ఆయన 'వచ్చే శుక్రవారం' అన్నారు కానీ 'ఈ శుక్రవారం' అనలేదని సందువాళ్ళే సర్దిచెప్పుకున్నారు. మరుసటేడు ఆయన పోయారు. ఉపన్యాసం మాత్రం పోలేదు. ఆ సందులో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు అక్షరం చదవగలిగిన ఇల్లూ లేదు. కనుక దాన్ని నోటికి పట్టారు. పెళ్ళిలో తాళి కట్టాక, పిల్లకు చెవులు కుట్టాక, ఇంటికి పెద్దవాడెవడో లేచి ఒక ముక్క చెప్పాల్సిందే. 'తిప్పితే గంగ' దగ్గర మూడు చప్పట్లు. 'మూస్తే మౌనం' దగ్గర అందరూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాలి. చంటిబిడ్డ ఏడిస్తే నోరు మూస్తారు.

డ్రమ్ము ఉన్నచోట గుర్తుకు పాతిన రాయికి శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు పసుపు రాసి కుంకం పెడతారు. యాభై ఏళ్ళకు రాయి నున్నబడి, కళ్ళూ ముక్కూ వచ్చినట్టే కనబడుతుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు కొళాయమ్మ అని దండం పెట్టుకుంటున్నారు.

ఇంతకూ అంగమ్మాళ్ కోపం వేరే. ఆమె కదిర్కామం పిల్ల. పుట్టింటి వాకిట్లోనే కొళాయి. సంబంధం చూడ్డానికి వచ్చిన ఆమె తండ్రి, "అంతా సరి, తన్నీకి ఏం చేస్తారు?" అని నీళ్ళ సంగతి అడిగాడు. అప్పుడు ఇరవై ఆరేళ్ళ వేలాయుధం ఈ అరుగుమీదే నిలబడి నలభై రెండు నిమిషాల ఉపన్యాసం ఒక్క పొల్లు తప్పకుండా అప్పజెప్పాడు. ముసలాయన కళ్ళు తుడుచుకుని, "నా కూతురు ఇంక కడవ మొయ్యదు!" అని తాంబూలం పుచ్చుకున్నాడు. కాపురానికొచ్చిన మూడోరోజు అంగమ్మాళ్ అడిగింది: "యాడయ్యా కొళాయి?" వేలాయుధం రాయి చూపించాడు.

"ముందర కొళాయి. ఆమీదట మాట" అంది అంగమ్మాళ్.

ఆ రోజునుంచి అతను ఎప్పుడు నోరు తెరవబోయినా ఆమె ఆ రాయివైపు ఒకసారి చూసేది. అంతే, 'ఊఁ' తప్ప ఏమీ బయటికొచ్చేది కాదు. అలా వేలాయుధం నోరు మూతబడి నలభై తొమ్మిదేళ్ళు.

"కొళాయి రాలేదని మీరు బాధపడుతున్నారు కదమ్మా?" అనంతరామన్ గారు కాగితం తిప్పారు. "అది అజ్ఞానం. ఎళిలరసన్ గారి నోట మొలిచిందే, అదీ అసలైన కొళాయి! దానికి తుప్పు లేదు, కారడం లేదు. రోడ్డు పక్కన ఉన్న ఇనపది దాని నీడ. నకలు! గ్రీకు దేశంలో ఒక జ్ఞాని కూడా రాత పనికిరాదని, మాటే గొప్పదని రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందటే చెప్పాడు."

"ఆయన చెప్పింది నీకెట్ల తెలిసె సార్?"

"పుస్తకంలో ఉందమ్మా."

"సెరి. ఐతే ఈ బిందెలోది?"

"నకలు."

"నా మోకాలి నొప్పి? పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇంక కొడం ఎత్తితే మంచానే పడతావని చెప్పుండాది. అదీ నకలేనా?"

అనంతరామన్ గారు కాగితం ముందుకూ వెనక్కూ తిప్పారు. మోకాలి గురించి అందులో ఏమీ రాసిలేదు.

"ఆ ఉపన్యాసాన్ని చెవులారా విన్నవాళ్ళలో మిగిలింది మీ ఆయన ఒక్కరే. స్వర్ణోత్సవంలో వారిని 'ప్రత్యక్ష శ్రోత' అని శాలువతో సత్కరిస్తాం" అని లేచారు. పోతూ పోతూ బిందెలోని నకలు ఒక చెంబెడు తాగి వెళ్ళారు.

*

మోకాలి మాట వేలాయుధానికి ఆ రాత్రి నిద్ర పట్టనియ్యలేదు. సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తన పాత నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాడు. అసిస్టెంట్ ఇంజినీరు పాండియన్ ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, ఫైల్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు. మూడింట్లోనూ ఒకటే చెప్పేవాడు.

"అయ్యే పని కాదు తాతా. మాట ఇచ్చినారు, సెరి. కాపీ యాడ?"

వేలాయుధం తన నోరు చూపించాడు.

"నోటికి జెరాక్స్ తీస్తే పళ్ళు పడతాయి తాతా, మాట పడదు. ఏం చెప్పినారు, యాడ చెప్పినారు, ఎన్ని అడుగుల పైపు అనింది రాసి, తెలిసిన పెద్దమనిషి చేత సంతకం పెట్టించుకుని రా. ఇంకోటి. ఆ చోట గుడి ఉండాదని సర్వేలో రాసుండారు. గుడి కాడ తవ్వకూడదు."

"గుడి కాదు" అన్నాడు వేలాయుధం. ఆ ఏడాదికి అది అతని పెద్ద ఉపన్యాసం.

"మరి ఏంది?"

"కొళాయి."

పాండియన్ ఫైల్లో 'కొళాయి ఇదివరకే ఉన్నట్టు అర్జీదారుడు ఒప్పుకున్నాడు' అని రాసుకున్నాడు.

తెలిసిన పెద్దమనిషి అంటే అనంతరామన్ గారే. వేలాయుధం ఎండలో నడిచి ఆయన మేడకు వెళ్ళి, గాలిలో వేలితో రాసి చూపించి, చేతులు జోడించాడు. విషయం అర్థమయ్యేసరికి అనంతరామన్ గారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు.

"రాయడమా! ఎళిలరసన్ వాక్కునా! అయ్యో, పక్షిని పట్టి పచ్చడి బండకింద పెట్టమంటారా? రాస్తే అది చచ్చిపోతుంది! నా సిద్ధాంతం దానికంటే ముందు చచ్చిపోతుంది!" అన్నారు. తర్వాత జాలిపడి, "అంత దూరం వచ్చారు, వట్టి చేతులతో పంపను" అని తమ పీఠం కాగితంమీద, 'ఈ మహోపన్యాసం ఏనాడూ, ఎవరిచేతా, ఏ రూపంలోనూ రాయబడలేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది' అని మూడు ప్రతులు రాసి, మూడింటిమీదా ముద్ర కొట్టి ఇచ్చారు.

వేలాయుధం అది తెచ్చి ఇస్తే పాండియన్ రెండుసార్లు చదివి మురిసిపోయాడు.

"భేష్ తాతా! యాభై ఏళ్ళుగా ఈ ఫైల్లో లేనిది ఇదే! రాత లేదని రాతమూలంగా తేలిపోయె. ఇంక ఫైలు మూసేయొచ్చు!"

మూసేశాడు. దారం కట్టి బీరువా పైన పెట్టాడు. ఆ దారం ముడి రెండు చుట్లు వేసినప్పుడు వేలాయుధానికి తన మెడకే వేసినట్టయింది.

ఇంటికొస్తే అంగమ్మాళ్ గడపలో కాలు చాచుకుని మోకాలికి నూనె రాస్తోంది. భర్త ముఖం చూసి ఏమైందని అడగలేదు. "నువ్వు ఆ ఉత్సవానికి పో. శాలువ వద్దు, పాడు వద్దు. ఆ మైకులో అడుగు. ఒక్కసారి నోరు తెరువు. నా కాళ్ళు పోయినాక నీ మాట వచ్చి ఏం లాభం?" అంది.

"ఊఁ" అన్నాడు వేలాయుధం.

"ఈ 'ఊఁ' నేను తాళి కట్టించుకున్నప్పట్నుంచి వింటా ఉండా!" అని అంగమ్మాళ్ నూనె గిన్నె పక్కకు తోసింది.

*

స్వర్ణోత్సవం మే నెల నడిమధ్య, కత్తిరి ఎండలు కాకుల్ని చెట్లమీంచి రాలగొడుతున్న ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి, సందు మొగన పందిరికింద జరిగింది.

సిద్ధాంతాన్ని అనుసరించి ఆహ్వానపత్రికల్లో ఒక్క అక్షరం కూడా లేదు. మంచి దళసరి అట్ట, బంగారు అంచు, లోపల తెలుపు. ఇచ్చేవాళ్ళు నోటితో చెప్పాలని నియమం. చాలామంది కవరు విప్పి, అచ్చు పడలేదేమో పాపమని మంచిమనసుతో ఊరుకున్నారు. అయినా బజ్జీలు పెడుతున్నారని తెలిసి పందిరి నిండింది.

తాగునీటి క్యాన్లు కూడా అనంతరామన్ గారు సిద్ధాంతం ప్రకారమే తెప్పించబోయారు. "ఇరవై క్యాన్లు పంపవయ్యా" అని ఫోనులో చెప్పారు. "అడ్రస్ వాట్సాప్‌లో కొట్టండి సార్" అన్నాడు క్యాన్ల గోకుల్. "నేను కొట్టను. నేను పలుకుతాను" అన్నారు అనంతరామన్ గారు. పలికారు. గోకుల్ 'సెరి సార్' అన్నాడు. ఆ రోజు అతనికి 'సెరి సార్' అన్న ఇళ్ళు డెబ్బై ఉన్నాయి. కొట్టినవాళ్ళకు క్యాన్లు వెళ్ళాయి.

వేదికమీద మూడు కుర్చీలు. మధ్యలో ముఖ్య అతిథి పాండియన్. కుడివైపు అధ్యక్షుడు, వక్త, సిద్ధాంతకర్త అయిన అనంతరామన్ గారు. ఎడమవైపు శాలువ మోస్తూ చెమటలో తడుస్తున్న ప్రత్యక్ష శ్రోత వేలాయుధం. సందులోవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు. అంగమ్మాళ్ కాలు మడవలేక తన ఇంటి గడపలోనే నిలబడి చూస్తోంది. ఆమె వెనక, అప్పుడే మోసుకొచ్చిన రెండు బిందెలు.

పాండియన్ సభ మొదలయ్యేలోపల మిరపకాయ బజ్జీలు తొమ్మిది తిన్నాడు.

అనంతరామన్ గారు మైకు ముందుకొచ్చి అరవై ఎనిమిది పేజీల 'రాత యొక్క అల్పత్వం' అనే పత్రం తీశారు. చదవడం మొదలుపెట్టారు. ఏడో పేజీ దగ్గర చెమట. పదమూడో పేజీ దగ్గర నాలుక అంగిటికి అంటుకుంది. పందొమ్మిదో పేజీలో "వాక్కు అనునది అమృత..." దగ్గర గొంతు బొంగురుపోయి, 'అమృత' అక్కడే ఆగిపోయింది.

"నీ... నీళ్ళు..." అన్నారు.

బల్లమీద పూలకుండీ ఉంది, మొమెంటో ఉంది, గ్లాసు లేదు. ఆపద వచ్చినప్పుడు మనిషి నీళ్ళు నములుతాడంటారు. పాపం, ఆయనకు నమలడానికైనా చుక్క లేదు! ఇటు పాండియన్‌కు బజ్జీలు కూడా అప్పుడే తమ ప్రతాపం చూపించాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, "తన్నీ! తన్నీ!" అని నాలుక బయటపెట్టి విసురుకోసాగాడు.

అందరూ అంగమ్మాళ్ బిందెలవైపు చూశారు. ఆమె నిట్టూర్చి, చెంబు ముంచి, కుంటుకుంటూ ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది.

వేలాయుధం ఆ రెండు అడుగులూ చూశాడు. ఆ బిందె మోసింది ఎవరో, తాగబోయేది ఎవరో చూశాడు. లేచాడు. భార్యవైపు 'ఆగు' అన్నట్టు చెయ్యి చూపించాడు. శాలువ తీసి కుర్చీలో వేసి మైకు దగ్గరికి వచ్చాడు.

సందంతా నోళ్ళు తెరిచింది. వేలాయుధం కూడా తెరిచాడు.

"గొంతెండిన పెద్దలారా!"

అంగమ్మాళ్ చేతిలో చెంబు ఒలికింది. నలభై తొమ్మిదేళ్ళ కిందట ఈ గొంతు వినే కదా ఆమె తండ్రి ఏడ్చాడు!

"మీ దాహం నా కండ్లకు తెలస్తా ఉండాది! ఇదో, నా చేతిలో చెంబు!" ఖాళీ చెయ్యి పైకెత్తాడు. "ఇత్తడి చెంబు! చింతపండేసి తోమిన చెంబు! లోపల తన్నీ! మట్టికుండలో రేయంతా నిలబెట్టిన తన్నీ! వట్టివేరు వేసిన తన్నీ! సముద్రం ఉప్పు తగలని, క్లోరిన్ కంపు లేని తన్నీ! నాలిక్కి తగిలితే జిల్లు! గొంతులో దిగితే జిల్లు! కడుపులో పడితే జిల్లో జిల్లు!"

జనం గుటకలు మింగారు. వెనక వరుసలో ఒకాయన చొంగ తుడుచుకున్నాడు.

"తిప్పితే...!"

"గంగ!" అని సందంతా మూడు చప్పట్లు కొట్టింది.

"మూస్తే...!"

"మౌనం!" అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో పాండియన్ ముక్కు చీదిన చప్పుడొక్కటే వినబడింది.

"తాగండి సార్" అని వేలాయుధం ఖాళీ చెయ్యి అనంతరామన్ గారి నోటి దగ్గర పెట్టాడు.

"ఏవయ్యా నీళ్ళు?"

"ఇచ్చినా కదా సార్."

"అది మాట కదయ్యా! వట్టి మాట! మాట తాగితే దాహం తీరుతుందా? నాకు నీళ్ళు కావాలి, నీళ్ళు!"

మైకు పనిచేస్తూనే ఉంది. ఈ మహావాక్యం ముదలియార్‌పేట బస్టాపు దాకా వినబడింది.

"మాట రాజు సార్. చెంబులోది బంటు. నీడ. మీరే చదివినారు, నా అరుగుమీద" అన్నాడు వేలాయుధం వినయంగా.

అనంతరామన్ గారు కుర్చీలో కూలబడ్డారు. పాండియన్ మాత్రం బజ్జీల మంటలో జ్ఞానోదయమైనవాడిలాగా వేలాయుధం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తాతా, నీకు పుణ్యముంటాది! ఆ చెంబు ఇప్పించు! కొళాయి కదా? ఇస్తా! సత్యంగా ఇస్తా! ఇంతమంది ముందర మాట ఇస్తా ఉండా, వచ్చే శుక్రవారానికి..."

యాభై ఏళ్ళ అలవాటు! సందువాళ్ళు చప్పట్లకు చేతులెత్తేశారు. వేలాయుధం గిరుక్కున తిరిగి చూసేసరికి ఎత్తినచేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

"రాసి" అన్నాడు.

కాగితం కావాలి. పందిరంతా వెతికితే ఆహ్వానపత్రికల మీద బంగారు అంచులే ఉన్నాయి గానీ ప్రభుత్వ ఆర్డరుకు అవి మరీ అందంగా ఉన్నాయి. ఇక ఉన్నది 'రాత యొక్క అల్పత్వం' ఒక్కటే. పాండియన్ అరవై ఎనిమిదో పేజీ లాగి, వెనక్కు తిప్పి, తొడమీద పెట్టుకుని ఆర్డరు రాశాడు. వద్దు వద్దని అనంతరామన్ గారు అనబోయారు కానీ గొంతులోంచి గాలి తప్ప రాలేదు. పాండియన్ జేబులోంచి ఆఫీసు ముద్ర తీసి కొట్టాడు. ఎండలో ఇంకు ఆరిపోతే చెమట అద్దుకుని కొట్టాడు.

వేలాయుధం చదివింది మూడో క్లాసు. వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ, తమిళంలో రాసిన ఆ నాలుగు లైన్లూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఇద్దరు పెద్దమనుషులు ఆ వేలు కదిలినంతసేపూ దానివంకే చూశారు.

"తేదీ యాడ సార్?"

పాండియన్ ఏడుస్తూ తేదీ వేశాడు.

అప్పుడు వేలాయుధం భార్యవైపు తిరిగి తల ఊపాడు. అంగమ్మాళ్ రాలేదు. చెంబు గడపలో పెట్టి, "నా కాళ్ళు నొప్పి సార్. మీరే రండి" అంది. సిద్ధాంతమూ ప్రభుత్వమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తాయి.

*

ముద్రపడిన ఆర్డరు చాలా మొండిది. వచ్చే శుక్రవారానికి కొళాయి నిజంగానే వచ్చింది! రాయిని కదిలిస్తే ఊరుకోమని ఆడవాళ్ళు అడ్డంపడితే, దానికి మూరెడు ఎడంగా పెట్టారు. కొళాయి మోకాటి ఎత్తు, దాని పక్కన శిలాఫలకం నిలువెత్తు. అందులో ఎళిలరసన్ గారి పేరు, పాండియన్ పేరు, పీఠం పేరు, అనంతరామన్ గారి డిగ్రీలు ఉన్నాయి. వేలాయుధం పేరుకు చోటు చాలలేదు.

ప్రారంభోత్సవానికి అనంతరామన్ గారు కొత్త పత్రంతో దిగారు. పోయిన ఆదివారం జరిగింది ఓటమి కాదట, సిద్ధాంతానికి పరాకాష్ఠ! వేలాయుధం నోరు తెరిచాడు, కొళాయి వచ్చింది. కనుక మాటే గెలిచింది. ఈసారి నలభై పేజీలే. ముందు జాగ్రత్తగా మూడు సీసాలు నీళ్ళు కూడా తెచ్చుకున్నారు.

పాండియన్ రిబ్బను కత్తిరించి కొళాయి తిప్పాడు.

"బుస్స్స్స్..." అంది కొళాయి.

గాలి. అంగమ్మాళ్ కింద పెట్టిన బిందెలో చుక్క పడలేదు. సందంతా ముఖాలు చూసుకుంది. అనంతరామన్ గారు మాత్రం మైకుమీద పడ్డారు.

"వినండి! వినండి! కొళాయి మాట్లాడుతోంది! ముందు వాక్కు, తర్వాత నీరు! ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

అలవాటు కొద్దీ చప్పట్లు మోగాయి.

అంగమ్మాళ్ పాండియన్‌ను అడిగింది: "ఏంది సార్ ఇది? తన్నీ యాడ?"

పాండియన్ ఫైలు చూసి, "ఆర్డర్లో కొళాయి పెట్టాలని రాసుండాది అమ్మా. పెట్టినాం. తన్నీ వదలాలని రాసుండలేదు. దానికి వేరే ఆర్డరు, వేరే ఫైలు" అన్నాడు. "తాత చదివే కదా పుచ్చుకునింది!"

అంగమ్మాళ్ మొగుడివంక చూడలేదు. రాయివంక చూసింది. పాత చూపే. నలభై తొమ్మిదేళ్ళుగా చూస్తున్న చూపే.

వేలాయుధం లేచి ఇంట్లోకి వెళ్ళాడు. మంచంకింద పదహారేళ్ళుగా గోనెపట్ట చుట్టి పెట్టిన నిలువెత్తు కడ్డీ బయటికి లాగాడు. భుజాన వేసుకుని, మాట్లాడుతున్న సభ వెనకనుంచి, ఎవరి అనుమతీ అడక్కుండా పెద్దరోడ్డుకు నడిచాడు. రిటైరైన మనిషి వాల్వు ముట్టుకోవడం ఏ రూలు ప్రకారం చూసినా నేరమే. అయితే ఆ రూలు తెలిసినవాళ్ళంతా అప్పుడు చప్పట్లు కొడుతున్నారు.

సందు పైపు విడిపోయేచోట కొత్త ఇనుపమూత ఎత్తాడు. కడ్డీ దించాడు. ఒకటి, రెండు, మూడు... పద్నాలుగు.

కొళాయి తిప్పినవాళ్ళు మళ్ళీ మూయడం మరిచారు. పద్నాలుగు చుట్ల నీళ్ళూ ఒక్కసారిగా వచ్చి, బిందె అంచుకు తగిలి, ఎదురుగా పద్దెనిమిదో పేజీ తిప్పుతున్న అనంతరామన్ గారిమీద పడ్డాయి. కళ్ళద్దాలు తుడుచుకుని చూసుకుంటే నలభై పేజీలూ నీలపు నీళ్ళై మోచేతులదాకా కారుతున్నాయి. అక్షరం ఒక్కటి లేదు. మైకు ఉంది. జనం ఉన్నారు. నోరు కూడా ఉంది. ఆయన దాన్ని తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. మాటల మహాసముద్రం అనిపించుకున్న మనిషికి కాగితం లేకపోయేసరికి 'సభకు నమస్కారం' కూడా జ్ఞాపకం రాలేదు! మైకువాడు కాసేపు చూసి వైరు చుట్టుకున్నాడు.

అంగమ్మాళ్ బిందె నింపింది. ఎత్తలేదు. కొళాయి దగ్గర్నుంచి అరుగుకు నాలుగడుగులు. వట్టి చేతులతో వచ్చి కూర్చుని, మోకాళ్ళు చాపుకుంది. కడ్డీ గోడకు ఆనించి వస్తున్న భర్తను చూసి, పక్కన చోటు చూపించింది.

"కొళాయి వచ్చె" అంది. "ఇంక మాట్లాడు."

వేలాయుధం కూర్చున్నాడు. ఒకసారి దగ్గాడు.

"నువ్వు కాపురానికొచ్చిన మూడో దినం యాడయ్యా కొళాయి అని అడిగినావే, ఆ పొద్దు నేను ఏం చెప్పాలనుకుంటినంటే..."

మొదలుపెట్టాడు. డెబ్బై అయిదో సంవత్సరం చెప్పాడు. డెబ్బై ఆరు చెప్పాడు. మామగారి తాంబూలం, తుపానులో కొట్టుకుపోయిన ఇనుపమూత, వాల్వు గుంతలో దొరికిన తాబేలు, పెద్దరోడ్డులో ప్రతి ఇంటికీ నీళ్ళు వదిలి వస్తూ తన సందు మొగన తల దించుకుని నడిచిన తెల్లవారుజాములు. అంగమ్మాళ్ కొన్నిచోట్ల నవ్వింది. ఒకచోట కొంగు కళ్ళకు అద్దుకుంది. ఎండ వాలింది. జనం వెళ్ళిపోయారు. వేలాయుధం ఇంకా తొంభై ఒకటో సంవత్సరంలోనే ఉన్నాడు.

బట్టలు ఆరేదాకా అనంతరామన్ గారికి అదే అరుగు చివర దిక్కయింది. అంగమ్మాళ్ కాళ్ళు ఒత్తుకుంటూ మెల్లిగా ఆయనవైపు ఒరిగింది.

"సార్, తిప్పితే గంగ అనింది సెరి. దీన్ని మూసేది యాడ సార్?"

అనంతరామన్ గారు జవాబు కోసం చేతిలోని కాగితం చూసుకున్నారు. పిండారు. చుక్కలు పడ్డాయి.

"ఊఁ" అన్నారు.